నిపుణుడు ఇంటికి వచ్చిన కాలము
(ఉపన్యాస పాఠము)



మనుష్యుడు కాపురముండదగిన ఊరెట్టిదో సుమతీశతకకర్త ఒక పద్యమున చెప్పియున్నాడు. అవసరమునకు ఋణమిచ్చువాడు, వైద్యుడు, నీరింకని నది, బ్రాహ్మణుడు ఉన్న ఊరిలో నివసింపుమనియు, ఇవి లేని ఊరికి పోవలదనియు దాని తాత్పర్యము. తెలుగు బాలుడు అర్థము తెలియని వయసుననే దానిని కంఠస్థము చేయును. ఆ పద్యములో పెద్ద లోకానుభవము ఇమిడియున్నది. నిపుణుడు ఎచ్చట ఉండునో అచ్చటికే మనుష్యుడు పోవలెను; వైద్యుడు లేనిచోట కాపురము అపాయకరము. శతాబ్దములుగా ఈ నియమము మారలేదు. గడచిన పాతిక సంవత్సరములలో మాత్రము ఇది సడలజొచ్చినది. రోగి ఒక ఊరిలో, వైద్యుడు వేరొక ఊరిలో ఉండి ఒకరినొకరు చూచుచు మాటలాడుచున్నారు. న్యాయవాదియు, ఆదాయపు పన్ను లెక్కలు చూచు ఛార్టర్డ్ అకౌంటెంటును అట్లే చేతి ఫోనులోనికి వచ్చినారు. ఈ మార్పు ఎట్లు వచ్చినది, దీనివలన ఎవరికి ఎంత మేలు, ఎచ్చట ఎంత జాగ్రత్త అవసరము అనునది నేటి ప్రసంగ విషయము.

వైశాలి అనగానే లిచ్ఛవుల ప్రాచీన గణరాజ్యము స్ఫురించును. ఆ వైశాలి బీహారులో ఉన్నది. ఈ వైశాలి గాజియాబాదు జిల్లాలో ఢిల్లీ సరిహద్దును ఆనుకొని పెరిగిన నివాసస్థలము. 2011 జూలైలో ఆనందవిహారునుండి మెట్రో రైలు ఇచ్చటికి పొడిగింపబడినది. కొలువు ఢిల్లీలో, ఇల్లు ఉత్తరప్రదేశములో, పిత్రార్జితమైన పొలము ఆంధ్రప్రదేశములోనో తెలంగాణములోనో: ఇది ఇచ్చటి తెలుగు ఉద్యోగులలో అనేకుల స్థితి. జీతము, వైద్యము, పింఛను కేంద్ర ప్రభుత్వముతో ముడిపడినవి. ఇంటి దస్తావేజు గాజియాబాదు రిజిస్ట్రారు కార్యాలయములో ఉన్నది. పొలము పట్టాదారు పాసుపుస్తకము స్వగ్రామములో ఉన్నది. మూడు ప్రభుత్వముల నడుమ, మూడు భాషల నడుమ బ్రతుకు ఇట్టి గృహస్థునకు సరియైన నిపుణుని చేరుట ఒకే ఊరిలో పుట్టి పెరిగినవానికంటె కష్టము. కాబట్టి ఈ మార్పు అతనికి వినోదము కాదు, అవసరము.

పూర్వము నిపుణుని చేరుటకు ఉన్న మార్గము పరిచయము. కొత్తగా బదిలీయై ఢిల్లీకి వచ్చిన గుమాస్తా బిడ్డకు జ్వరము వచ్చినచో ప్రక్క క్వార్టరులోని తెలుగువారిని అడిగెడివాడు. ఆయన తనకు గుణమిచ్చిన వైద్యుని పేరు చెప్పెడివాడు. ఊరిలో గట్టు తగవు వచ్చినచో బావమరిది తనకు తెలిసిన ప్లీడరు వద్దకు తీసికొనిపోయెడివాడు. ఈ పద్ధతిలో ఒక గుణము కలదు. సిఫారసు చేసినవాడు నిపుణుని నేర్పునకును నడవడికిని కొంత పూచీపడెడివాడు. సలహా చెడినచో మరుసటి ఆదివారము ఆయన ఎదుటివాని ముఖము చూడవలెను కదా! ఒక దోషమును కలదు. పరిచయము లేనివానికి ద్వారమే లేదు. పలుకుబడి గలవానికి పెద్ద వైద్యుడు, లేనివానికి దొరికిన వైద్యుడు: ఇది ఆ కాలపు న్యాయము. డిజిటల్ వేదిక ఆ దోషమును చాలవరకు సరిదిద్దినది. దానితోపాటు ఆ గుణమును పోగొట్టినది. తక్కిన ప్రసంగమంతయు ఈ రెండు మాటలకు వివరణమే.

ఈ మార్పునకు తెలుగుదేశములో చాల ముందుగనే బీజము పడినది. చిత్తూరు జిల్లాలోని అరగొండ, అపోలో ఆసుపత్రుల స్థాపకుడైన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామము. అచ్చటి ఆసుపత్రిని నగరములోని నిపుణులతో కలుపు దూరవైద్య కేంద్రమును 2000 మార్చిలో, భారత పర్యటనలోనున్న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించెను. పల్లెలోని రోగి వివరములు ఉపగ్రహము ద్వారా నగరమునకు చేరుట ఆనాడు వింత. నేత్రవైద్యములో హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ మరియొక త్రోవ తొక్కినది. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఈ సంస్థ గ్రామములలో చిన్న కేంద్రములు నెలకొల్పి, స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, కంటి పరీక్ష వారిచేత చేయించుచున్నది. అద్దములతో తీరు లోపము అచ్చటనే తీరును. సందేహాస్పదమైన రోగములు మాత్రమే పైమెట్టులోని వైద్యుని దృష్టికి పోవును. పెద్ద వైద్యుని కాలము, పేదవాని బస్సు ఖర్చు రెండును దీనివలన మిగులుచున్నవి.

కాగితముల సంగతియు ఇట్లే. 1998లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రిజిస్ట్రేషను శాఖలో కార్డు అను పేర కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టినది. అంతకు ముందు ఆస్తిపై అప్పులున్నవో లేవో తెలుపు ఈసీ కొరకు గుమాస్తా పాత పుస్తకములు వెదకునంత కాలము కక్షిదారు వరండాలో వేచియుండవలసి వచ్చెడిది. 2001లో ఈ-సేవా కేంద్రములు, 2011లో మీసేవ వచ్చినవి. ఇవి నిపుణుని సలహాకు మారు కావు. అయితే న్యాయవాది వద్దకు పోవునపుడు చేతిలో ఉండవలసిన పత్రము ఎవరి దయాదాక్షిణ్యములతోను పని లేకుండ లభించుట చిన్న విషయము కాదు. పత్రము చేతనున్న కక్షిదారు సూటిగా ప్రశ్న అడుగును. లేనివాడు చెప్పినదెల్ల నమ్మును.

కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని ఈ యత్నములన్నింటికంటె విస్తారమైనది. మొహాలీలోని సీడాక్ దీనిని రూపొందించినది. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రములను పెద్ద వైద్యులతో కలుపు భాగము మొదలైనది. దానిని ముందుగా అమలులోనికి తెచ్చినది ఆంధ్రప్రదేశ్. పల్లెలోని ఉపకేంద్రములో ఆరోగ్య కార్యకర్త రోగి ప్రక్కన కూర్చుండి, రక్తపుపోటు చూచి, లక్షణములు నమోదు చేసి, తెరపై వైద్యుని పిలుచును. 2020 ఏప్రిలులో, కోవిడ్ దిగ్బంధనము నడుమ, ఇంటినుండియే వైద్యునితో మాటలాడు రెండవ భాగము తెరువబడినది. 2023 ఫిబ్రవరి నాటికి దేశమంతటను 10 కోట్ల సంప్రతింపులు పూర్తియైనవి. అందులో 3 కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. ఈ అంకె వెనుక ఉన్న రహస్యము యంత్రము కాదు. రోగి ప్రక్కన కూర్చున్న ఆ కార్యకర్తయే రహస్యము. ఫోను పట్టుకొనుట తెలియని ముసలమ్మ కూడ ఆ కార్యకర్త చేయి ఆసరాగా వైద్యుని చేరగలిగినది.

దూరవైద్యమునకు దేశములో స్పష్టమైన నియమములు 2020 మార్చి 25వ తేదీన వెలువడినవి. దేశము దిగ్బంధములోనికి పోయిన దినమదే. అందులో ఒక నియమము పరరాష్ట్రములలోని తెలుగువారికి వరము వంటిది. రిజిస్టరైన వైద్యుడు భారతదేశములో ఏ ప్రాంతపు రోగికైనను దూరమునుండి సలహా ఇయ్యవచ్చును. అమెరికాలో ఇట్లు లేదు. అచ్చట వైద్యుని అనుమతి సాధారణముగా రాష్ట్రమునకు పరిమితము. న్యూజెర్సీలోని వైద్యుడు టెక్సాసు రోగిని చూడవలెనన్న వేరు అనుమతి కావలెను. ఇచ్చట గుంటూరు వైద్యుడు వైశాలి రోగిని చూచుటకు అడ్డు లేదు.

ఈ నియమము విలువ తెలియవలెనన్న ఒక గృహమును ఊహింపుడు. భర్త పోయిన పిమ్మట తల్లి రాజమహేంద్రవరము విడిచి కుమారుని వద్దకు వైశాలికి వచ్చినది. ఆమెకు హిందీ రాదు. ఇచ్చటి వైద్యుడు నేర్పరి, మంచివాడు. కాని ఆమె బాధ ఆయనకు కుమారుని నోట చేరవలెను. "కాళ్ళు పీకుచున్నవి", "గుండెలో దడగానున్నది", "తల దిమ్ముగానున్నది": ఈ మూడును హిందీలోనికి పోవునప్పటికి ఒకే "నొప్పి" అగుచున్నవి. కొన్ని బాధలు కుమారునితో చెప్పుటకే ఆమె సిగ్గుపడును. చెప్పనిది వైద్యునికి ఎట్లు చేరును? అట్టి తల్లి తెరపై తెలుగు వైద్యుని చూచి, కుమారుని గది వెలుపలికి పంపి, తన మాటలో తన బాధ చెప్పుకొనగలుగుట సౌకర్యము మాత్రమే కాదు. రోగనిర్ణయములో సగము పని. మనోవ్యాధుల విషయములో ఇది మరింత సత్యము. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవ 14416 సంఖ్యపై 20 భాషలలో లభించుచున్నది. అందు తెలుగు ఒకటి. దుఃఖము పరభాషలో చెప్పుకొనుట ఎవరికిని సులభము కాదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకము, అనగా సీజీహెచ్ఎస్, 1954లో ఢిల్లీలోనే పుట్టినది. డిస్పెన్సరీ ఎదుట తెల్లవారుజామున వరుసలో నిలిచిన దినములు విశ్రాంత ఉద్యోగులలో అనేకులకు జ్ఞాపకముండును. ఇప్పుడు దానికిని ముందుగా ఇంటినుండి సమయము నిర్ణయించుకొను ఏర్పాటు కలదు. 2020 ఆగస్టులో ఢిల్లీ, పరిసర ప్రాంతముల లబ్ధిదారులకు ఈ-సంజీవని ద్వారా విశేష వైద్యుల దూరసలహా మొదలైనది. పింఛనుదారు జీవించియున్నాడని ఏటేట నిరూపించు పత్రము విషయములోను మార్పు వచ్చినది: 2014 నవంబరులో వ్రేలిముద్రతో పనిచేయు జీవన్ ప్రమాణ్, 2021 నవంబరులో ముఖమును గుర్తించు పద్ధతి. మంచము పట్టినవానిని కుర్చీతో సహా బ్యాంకుకు మోసికొనిపోవు దృశ్యము ఇకమీదట ఎచ్చటను కనబడకూడదు.

అయితే దూరవైద్యమునకు హద్దులున్నవి. వాటిని వైద్యులకంటె ముందు రోగులు తెలిసికొనవలెను. తెరపైనున్న వైద్యుడు పొట్ట నొక్కి చూడలేడు, ఊపిరి శబ్దము వినలేడు, నాడి పట్టలేడు. అందుచేతనే 2020 నియమములు మందులను తరగతులుగా విభజించినవి. సామాన్యమైన మందులు ఏ మార్గముననైనను వ్రాయవచ్చును. కొన్నింటిని మొదటి సంప్రతింపులో వ్రాయవలెనన్న రోగిని వీడియోలో చూడవలెను. మరికొన్ని, ముందు ప్రత్యక్షముగా చూచిన రోగికి అదే జబ్బు కొనసాగుచున్నపుడు మాత్రమే వ్రాయవచ్చును. మత్తు కలిగించు మందులు, షెడ్యూలు ఎక్స్‌లోనివి దూరమునుండి ఎంతమాత్రమును వ్రాయరాదు. వైద్యుడు తన రిజిస్ట్రేషను సంఖ్యను మందుల చీటిపై చూపవలెను. వేదిక నడుపువారు తమ జాబితాలోనివారు నిజముగా రిజిస్టరైనవారేనా యని విచారింపవలెను. కృత్రిమ మేధ వైద్యునికి తోడ్పడవచ్చునే గాని స్వయముగా రోగికి సలహా చెప్పుటకును, మందు వ్రాయుటకును వీలులేదు. ఛాతీలో నొప్పి, మాట తడబడుట, మూతి ఒక ప్రక్కకు పోవుట వంటివి కలిగినపుడు తెర ముందు కూర్చుండుట ప్రమాదము. అపుడు కావలసినది అంబులెన్సు.

ఇక న్యాయము. వైశాలిలోని ఉద్యోగికి తెనాలి కోర్టులో భాగపరిష్కారపు దావా ఉన్నదనుకొనుడు. పూర్వము వాయిదా ఎప్పుడో తెలియవలెనన్న ప్లీడరు గుమాస్తాకు ట్రంకు కాలు చేయవలెను. ఆయన చెప్పినదే వేదము. 2007లో మొదలైన ఈ-కోర్టుల పథకము క్రింద ప్రతి దావాకు 16 అక్షరాంకముల సీఎన్ఆర్ సంఖ్య ఏర్పడినది. ఆ సంఖ్య తెలిసినవాడు వాయిదా తేదీని, నాటి ఉత్తర్వును ఫోనులో తానే చూచుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుండి మీభూమి ద్వారా అడంగలు, 1బి చూచు వీలున్నది. తెలంగాణములో 2020లో వచ్చిన ధరణి స్థానమున 2025లో భూభారతి ఏర్పడినది. ఊరికి పోయినపుడు మాత్రమే పొలము సంగతి తెలిసికొనెడివాడు ఆరు నెలలకొకసారి దస్త్రము చూచుకొన్నచో, హద్దు మారినను పేరు మారినను సకాలమున మేల్కొనును. పరస్థలములో ఉన్నవాని ఆస్తికి ఇంతకంటె మంచి కాపలా లేదు.

సలహా విషయమునకు వచ్చిన, 2017లో ప్రారంభమైన టెలి-లా పథకము పల్లెలోని కామన్ సర్వీసు కేంద్రమునుండి న్యాయవాదితో మాటలాడించుచున్నది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వికలాంగులు మొదలగువారు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. స్త్రీలకు ఆదాయ పరిమితితో పని లేదను సంగతి చదువుకొన్న కుటుంబములలో కూడ తెలియదు.

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న పుట్టుచున్నది. వైద్యుని, వకీలును బట్టల దుకాణములో చీరవలె ఎంచుకొనవచ్చునా? వాణిజ్య వేదికలు నిపుణుల పేర్లు వరుసగా చూపి, ప్రక్కన నక్షత్రములు వేయుచున్నవి. ఆ వరుసలో ముందు నిలిచినవాడు నేర్పులో ముందున్నవాడా, వేదికకు రుసుము ఎక్కువ చెల్లించినవాడా అనునది చూచువానికి తెలియదు. నక్షత్రము వేయు రోగి దేనిని చూచి వేయును? వేచియుండిన కాలము, మాటలోని మర్యాద, కుర్చీల శుభ్రత. రోగనిర్ణయము సరియైనదో కాదో అతనికి తెలిసినచో వైద్యుని వద్దకు ఎందుకు పోవును? మందు అక్కరలేదని చెప్పి పంపిన ఉత్తమ వైద్యునికి ఒక నక్షత్రమే రావచ్చును. అడిగిన సూదిమందు వేసినవానికి ఐదు రావచ్చును.

ఈ కారణముననే న్యాయవాదులు ప్రకటనల ద్వారా పని కోరరాదని భారత బార్ కౌన్సిలు నియమములలోని 36వ నియమము నిషేధించుచున్నది. 2008 సవరణ పేరు, చిరునామా, విద్యార్హత వంటి వివరములు వెబ్‌సైటులో చూపుటకు మాత్రము అనుమతించినది. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు, ఆన్‌లైను వేదికల ద్వారా పని కోరు న్యాయవాదులపై క్రమశిక్షణ చర్య తీసికొనునట్లు బార్ కౌన్సిలును ఆదేశించుచు, న్యాయవాదము వ్యాపారము కాదని స్పష్టముగా చెప్పినది. ఈ నిషేధమునకు మరియొక ప్రక్క కూడ లేకపోలేదు. పేరుమోసిన సీనియరుకు ప్రకటన అక్కరలేదు. జిల్లా కోర్టులో నిజాయితీగా పనిచేయు యువకుని పేరు, పరదేశములోని కక్షిదారునకు తెలియు మార్గమేది? ప్రకటన వేరు, సమాచారము వేరు అను వివేకమే ఇందుకు పరిష్కారము. పేరు, అర్హత, రిజిస్ట్రేషను, పనిచేయు కోర్టు, రుసుము: ఇవి సమాచారము. తక్కినది అంగడి కేక.

సమాచారము సత్యమో కాదో పరీక్షించు సాధనము ఛార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ చక్కగా ఏర్పరచినది. 2019 నుండి సభ్యుడు సంతకము చేయు ధృవపత్రమునకు 18 అక్షరాంకముల యూడిన్ సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్యను సంస్థ వెబ్‌సైటులో చూచి, పత్రము నిజమో దొంగదో ఎవరైనను తెలిసికొనవచ్చును. వైద్యుల పేర్లును జాతీయ వైద్య కమిషను వెబ్‌సైటులో వెదకవచ్చును. ఎస్టోనియా దేశమున 2010 నుండి మందుల చీటి ఎలక్ట్రానికు రూపమున ఉన్నది. రోగి గుర్తింపు కార్డు చూపి ఏ దుకాణములోనైనను మందు తీసికొనును. చిన్న దేశము గనుక సాధ్యమైనదని తోచవచ్చును; కాని ఇందులో ముఖ్యము దేశ పరిమాణము కాదు. వ్రాసినవాడెవడో, వ్రాసినదేదో నిర్వివాదముగా తెలియుటయే ముఖ్యము.

తప్పు జరిగినచో బాధ్యుడెవడు? రుసుము తీసికొను వైద్యుని సేవ వినియోగదారుల రక్షణ చట్టము క్రిందికి వచ్చునని సుప్రీముకోర్టు 1995లో తీర్పు చెప్పినది. న్యాయవాది సేవ ఆ చట్టము క్రిందికి రాదని 2024 మేలో తీర్పు చెప్పినది. వకీలుపై ఫిర్యాదు ఉన్నవాడు బార్ కౌన్సిలును ఆశ్రయింపవలెను. వేదికల విషయములో 2020 నాటి ఈ-కామర్సు నియమములు కలవు. ప్రతి వేదికయు ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటింపవలెను. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలుపవలెను. ఒక నెలలో పరిష్కరింపవలెను. 2019 చట్టము ప్రకారము వినియోగదారుడు తాను నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. బెంగళూరులో కార్యాలయమున్న సంస్థపై వైశాలి గృహస్థుడు గాజియాబాదులోనే న్యాయము కోరవచ్చును. 2025 జనవరి నుండి ఈ-జాగృతి ద్వారా ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. అందుకు రసీదు, మందుల చీటి, జరిగిన సంభాషణ భద్రపరచియుండవలెను. కాగితము దాచు అలవాటు ప్రభుత్వోద్యోగికి కొత్తగా నేర్పనక్కరలేదు.

వైద్యుని గదిలో చెప్పిన మాట ఆ గది దాటి పోదను నమ్మకము పూర్వముండెడిది. వేదికలో చెప్పిన మాట ఎచ్చట నిలువయుండునో చెప్పినవానికి కనబడదు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023లో వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలగుచున్నవి. చట్టము వచ్చినంత మాత్రమున మోసగాడు మానడు. వైద్యుని పేరునో, బ్యాంకు పేరునో, పోలీసు పేరునో చెప్పి విశ్రాంత ఉద్యోగులను బెదరించి జీవితకాలపు పొదుపును దోచుకొను ఉదంతములు అనేకము జరిగినవి. వీడియోలో అరెస్టు చేయు విధానము భారత న్యాయములో లేదు. అట్టి పిలుపు వచ్చినచో ఫోను పెట్టివేసి, ఇంటివారితో చెప్పవలెను. డబ్బు పోయినచో వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను. సిగ్గుపడి దాచిన ప్రతి గంటయు దొంగకు లాభము.

చివరగా, ద్వారము తెరచినను లోనికి రాలేనివారెవరో ఆలోచింపవలెను. ఇంటిలో ఫోను ఒకటే యైనచో అది ఎవరి జేబులో ఉండును? కోడలు తన నెలసరి బాధను గురించి వైద్యురాలితో మాటలాడవలెనన్నను, భర్త కార్యాలయమునుండి తిరిగి వచ్చి, రహస్య సంకేతము చూచి చెప్పవలెను. తండ్రి తన పింఛను లెక్కను తానే చూచుకొనవలెనన్న మనుమని బ్రతిమాలవలెను. నలుబది సంవత్సరములు ఫైళ్ళపై తన చేతితో నోటు వ్రాసిన మనుష్యుడు తన సొంత వైద్యమునకు పరాధీనుడగుచున్నాడు. పూర్వము నిపుణుని చేరుటకు పలుకుబడి గలవాని సిఫారసు కావలసెను. ఇప్పుడు యంత్రము తెలిసినవాని దయ కావలసియున్నది. పాత దోషము రూపము మార్చుకొని ఇంటిలోనికే రాకుండ చూచుకొనవలెను.

ఆంధ్రప్రదేశ్ పల్లెలలో ఆ మూడు కోట్ల సంప్రతింపులు సాధ్యమగుటకు ప్రక్కన కూర్చున్న కార్యకర్త కారణమని ముందే చెప్పబడినది. వైశాలిలో ఆ స్థానమునకు ప్రభుత్వము ఎవరిని నియమింపదు. ఇట్టి సాంస్కృతిక సమాజము ఆ పని చేయగలదు. ఉగాదికి, సంక్రాంతికి కలిసికొనువారు నెలకొక ఆదివారము రెండు గంటలు కేటాయించినచో చాలును. కళాశాల విద్యార్థి ఒక వృద్ధుని ప్రక్కన కూర్చుండి, పని తాను చేసిపెట్టక, ఆయన చేతనే చేయించవలెను. స్త్రీలకు స్త్రీలే నేర్పవలెను. తమకు మేలు చేసిన వైద్యుని, న్యాయవాదిని గురించి సభ్యులు నిష్పక్షపాతముగా చెప్పుకొనవలెను. మేలు జరుగనిచో ఆ సంగతియు దాచరాదు. యంత్రము వేలకొలది పేర్లు చూపగలదు. ఒక పేరునకు పూచీపడలేదు. పూచీపడుట పొరుగువాని పని. పరిచయము లేనివానికి వేదిక ద్వారము చూపును, తోడు లేనివానికి సమాజము తోడు నిలుచును. ఈ రెండును కలిసిననాడు భాష తెలియని ఊరిలోను తెలుగు తల్లి నిర్భయముగా కాపురముండగలదు.